శ్రీమతి సంగం లక్ష్మీబాయిగారు – అంతరించిన వికారాబాదు లోకసభా స్థానము

మన మహాసభ సంచికలయందు ఏటేట నొక పెద్దల జీవితమును ప్రకటించుట ఆచారముగా వచ్చుచున్నది. ఈ యేటి సభ సంగారెడ్డియందు జరుగుచుండుట చేతను, సభ యెదుటనున్న తీర్మానములలో బాలికల వసతిగృహమును గూర్చినది ముఖ్యమైనది యగుట చేతను, ఈ ప్రాంతముతో సంబంధము గలిగి, అనాథ బాలికల పోషణమునకును స్త్రీవిద్యకును తమ జీవితమును ధారవోసిన యొక మహిళ చరిత్రమును పాఠకుల సమక్షమున నుంచ దలంచితిమి. ఆమె శ్రీమతి సంగం లక్ష్మీబాయిగారు.

వీరు మన సంఘమువారా యని కొందఱు మిత్రులు మమ్ము ప్రశ్నించిరి. పెద్దల చరిత్రములను కులముల వారీగా పంచుకొనుట ఇట్టి సంచికలకు అలవాటైపోయిన దోషము. ఉపకారమునకు కులభేదము లేనట్లే ఉపకార స్మరణమునకును ఉండరాదని మా యభిప్రాయము. మఱియు వీరి జీవితమునందు మన సభవారు నేర్చుకొనవలసిన పాఠమొకటి కలదు. అది ఈ వ్యాసము తుదిని తెలియగలదు.

ఈ చరిత్రము వ్రాయుటకు మఱొక కారణమును గలదు. వీరు రెండు పర్యాయములు ప్రాతినిధ్యము వహించిన వికారాబాదు లోకసభా స్థానము నేడు లేదు. అది 1952 సం॥లో పుట్టి, మూడు సాధారణ ఎన్నికలను మాత్రమే చూచి, 1967 నాటికి పటమునుండి తొలగిపోయినది. స్థానము పోయిన పిమ్మట దాని ప్రతినిధులను తలచువారును కఱవైరి. ఊరు పాడుపడినను మొండిగోడలైన మిగులును. నియోజకవర్గము అంతరించినచో గోడయు మిగులదు. పేరు మాత్రము పాత లెక్కలలో నుండును. అట్టి లెక్కలలోని పేరునకు మరల ప్రాణము పోయుట మా వంటివారి విధి యని తలంచుచున్నాము.

జననము – విద్యాభ్యాసము

లక్ష్మీబాయిగారు 1911 సం॥ జూలై 27వ తేదిన హైదరాబాదు నగరమునకు తూర్పున ఓరుగల్లు మార్గమునందున్న ఘటకేసరులో జన్మించిరి. తండ్రిగారి పేరు రామయ్యగారు. వీరు పుట్టిన నెలదినములకే, అనగా అదే సంవత్సరము ఆగష్టు 29వ తేదిన, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ గారు కాలధర్మము నొందగా, ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ గారు రాజ్యమునకు వచ్చిరి. కావున వీరి బాల్యమును యౌవనమును ఒకే ప్రభువు పాలనమున గడచినవని చెప్పవచ్చును.

ఆ దినములలో తెలంగాణమున ఆడపిల్లకు అక్షరాభ్యాసము అరుదైన విషయము. రాజభాష ఉర్దూ, పాఠశాలలు కొలది, తెలుగున బోధించు బాలికల పాఠశాలలు మఱింత కొలది. మాడపాటి హనుమంతరావుగారు నారాయణగూడలో తెలుగు బాలికలకు పాఠశాల నెలకొల్పినది 1928 సం॥లో. అప్పటికి లక్ష్మీబాయిగారికి పదునేడేండ్లు. కావున చదువుకొన దలచిన తెలంగాణపు బాలిక రాజ్యము నెల్ల దాటి అవతలికి పోవలసియుండెను. వీరు అట్లే పోయిరి.

గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారును వారి ధర్మపత్ని లక్ష్మీబాయమ్మగారును నెలకొల్పిన శారదానికేతనము ఆనాటి తెలుగునాట స్త్రీవిద్యకు పట్టుగొమ్మ. అచట చదువుతోడ నూలువడకుటయు, చేతిపనులును, దేశభక్తియు ఏకకాలమున నేర్పబడుచుండెను. లక్ష్మీబాయిగారు ఆ నికేతనమున చేరి విద్య నభ్యసించిరి. పిమ్మట పూనాలో ధోండో కేశవ కార్వేగారు 1916 సం॥లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయముయొక్క చదువును, మద్రాసులోని ఆర్ట్సు కళాశాల చదువును వీరికి లభించినవి. కార్వే విశ్వవిద్యాలయమువారు మాతృభాషయందే ఉన్నతవిద్య గఱపుట నియమముగా పెట్టుకొనిన వారగుటచే, ఆంగ్లము రాదను నెపమున వెనుకబడిన స్త్రీలకు అది యొక రాజమార్గమైనది.

ఇచట పాఠకులు ఒక సంగతి గమనింపవలెను. వసతిగృహము లేనిచో ఈ విద్య లేదు. ఘటకేసరునుండి గుంటూరునకు పోయిన బాలికకు అచట పడుకొనుటకు చాపయు, తినుటకు అన్నమును, కాపాడుటకు పెద్దదిక్కును కావలెను. శారదానికేతనము ఆ మూటిని సమకూర్చినది. తరువాతి కాలమున వీరు స్వయముగా అనాథ బాలికలకు గృహమును నిర్మించుటకు మూలమిచటనే కలదని మేము తలంచెదము.

దేశసేవ – చెఱసాల

1928 సం॥లో సైమను సంఘము మన దేశమునకు రాగా దేశమంతట బహిష్కార ఉద్యమము చెలరేగెను. లక్ష్మీబాయిగారు విద్యార్థినిగా నుండియే ఆ బహిష్కారమున పాల్గొనిరి. రెండేండ్లకు గాంధీ మహాత్ముడు ఉప్పు సత్యాగ్రహము నారంభించెను. అప్పుడు వీరు సత్యాగ్రహమున చేరి 1930–31 సం॥లలో ఒక యేడు చెఱసాల ననుభవించిరి. ఆ చెఱసాల జ్ఞాపకములను పిమ్మట పుస్తకముగా వ్రాసి ప్రకటించిరి.

అదే 1930 సం॥ మార్చి మొదటివారమున మన సంగారెడ్డి ప్రాంతమందలి జోగిపేటలో నిజాము రాష్ట్రాంధ్ర మహాసభయొక్క ప్రథమ సమావేశము జరిగెను. దానికి సురవరము ప్రతాపరెడ్డిగారు అధ్యక్షులు. దానితోడనే జరిగిన మహిళా సభకు నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షురాలు. ఆ కాలమున నిజాము రాజ్యమున సభ జరుపవలె నన్నను ముందుగా సర్కారు అనుమతి వలయును. గస్తీ నిషాన్ 53 అను ఆజ్ఞ ప్రజల నోళ్లకు తాళము వేసియుండెను. జోగిపేటలో స్త్రీలు బాల్యవివాహములను గూర్చియు, విద్యను గూర్చియు అనుమతి పొంది మాటలాడుచుండగా, కృష్ణానది కావల తెలంగాణపు బాలిక యొకతె అనుమతి లేకయే ఆంగ్లప్రభుత్వ శాసనమును ధిక్కరించి చెఱకు పోవుటకు సిద్ధపడుచుండెను. తెలంగాణపు స్త్రీలు మేలుకొనిన దిట్లు రెండు త్రోవలలో. ఒకటి సంఘసంస్కారము, రెండవది రాజకీయ పోరాటము. లక్ష్మీబాయిగారి తరువాతి జీవితమున ఈ రెండు త్రోవలును ఒక్కటైనవి.

హైదరాబాదునకు తిరిగివచ్చిన పిమ్మట వీరు స్త్రీల సంఘములయందు పనిచేసిరి. ఆంధ్ర యువతీమండలికి అధ్యక్షురాలుగా నుండిరి. 1938 సం॥లో స్థాపితమైన హైదరాబాదు రాష్ట్ర కాంగ్రెసు పుట్టిన యేటనే నిషేధింపబడి 1946 వఱకు ఆ నిషేధములోనే యుండెను. కావున ఆ నడిమి కాలమున దేశసేవ చేయువారికి గ్రంథాలయములు, పాఠశాలలు, మహిళామండలులు మాత్రమే పనిచోటులు. 1948 సం॥ సెప్టెంబరునందు నిజాము రాజ్యము భారతదేశమున కలిసెను.

1951 సం॥ ఏప్రిలునెలలో ఆచార్య వినోబాభావేగారు శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనమునకు వచ్చి, అచటినుండి నల్లగొండ గ్రామములగుండ కాలినడకను బయలుదేరిరి. ఆ నెల 18వ తేదిన పోచంపల్లియందు వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరముల నేలను దానము చేయగా భూదానోద్యమము పుట్టెను. వినోబాగారి ఆ తొలి తెలంగాణ పాదయాత్రలో లక్ష్మీబాయిగారును నడచిరి.

శాసనసభా ప్రవేశము

1952 సం॥ ఎన్నికలు వయోజనులందఱకు ఓటుహక్కు నిచ్చిన మొదటి ఎన్నికలు. అంతకు ముందు తెలంగాణపు పల్లెలలో ఓటనగా ఏమో ఎఱిగినవారు లేరు. దేశమందంతట ఓటర్ల పట్టికలు తయారు చేయునపుడు, లక్షలకొలది స్త్రీలు తమ పేరు చెప్పుటకు సమ్మతింపక, ఫలానివాని భార్య, ఫలానివాని తల్లి యని మాత్రమే వ్రాయించిరి. అట్టివారిలో సుమారు 28 లక్షలమంది పేర్లను, పేరు లేని కారణమున, ఎన్నికల సంఘమువారు పట్టికలనుండి కొట్టివేయవలసి వచ్చెను. ఇందు ఉత్తరదేశపు రాష్ట్రములవారే యెక్కువయైనను, తన పేరు తాను చెప్పుకొనుటకు స్త్రీ సిగ్గుపడిన కాలమది యని తెలిసికొనిననే, ఆనాడు ఒక స్త్రీ తన పేరున తాను ఓట్లడుగుట యెంతటి సాహసమో మనకు బోధపడును.

ఆ ఎన్నికలలో లక్ష్మీబాయిగారు నిజామాబాదు జిల్లాలోని బాన్సువాడ నుండి హైదరాబాదు శాసనసభకు కాంగ్రెసు పక్షమున ఎన్నికైరి. 175 స్థానములు గల ఆ సభయందు బూర్గుల రామకృష్ణారావుగారి మంత్రివర్గము ఏర్పడెను. ఆ మంత్రివర్గమున లక్ష్మీబాయిగారు 1954 నుండి 1956 వఱకు విద్యాశాఖ ఉపమంత్రిణిగా పనిచేసిరి. విద్యకొఱకు రాజ్యము విడిచి పోవలసివచ్చిన బాలిక, అదే రాజ్యపు విద్యాశాఖను నడుపు పెద్దలలో నొకరైనది. ఆ ఘటనను మేము కేవలము అదృష్టమని వ్రాయజాలము; అది చెఱసాలయందును, పాఠశాలలయందును గడచిన ఇరువదియైదేండ్ల తపస్సునకు ఫలము.

వికారాబాదు స్థానము

ఇక స్థానముయొక్క చరిత్రమునకు వత్తము. వికారాబాదు పట్టణము పాయిగా వంశీయులైన నవాబు వికారుల్ ఉమ్రా గారి పేర వెలసినది. దాని చెంతనున్న అనంతగిరి కొండలలో మూసీనది పుట్టి హైదరాబాదునకు పారును. రైలుమార్గముల కూడలియు, క్షయరోగుల ఆరోగ్యనిలయమును ఆ పట్టణమునకు ప్రసిద్ధి తెచ్చినవి. పంటలు వర్షాధారములు, భూమి యెఱ్ఱ, నల్ల రెండు రకములు, ప్రజల నోట తెలుగు, ఉర్దూ, పడమటి సరిహద్దున కన్నడము.

హైదరాబాదు రాష్ట్రమునకు 1952లో లోకసభయందు 25 స్థానములుండెను. అందు వికారాబాదొకటి. ఆ మొదటి ఎన్నికలో కాంగ్రెసు పక్షమున ఎస్. ఏ. ఎబినేజరుగారు గెలిచిరి. ప్రక్కనున్న మెదకు స్థానమునందు ప్రజాస్వామ్య కూటమి పక్షమున సరోజినీనాయుడుగారి కుమారుడు డాక్టరు జయసూర్యగారు గెలిచిరి. ఇరుగుపొరుగు స్థానములు రెండు వేఱువేఱు త్రోవలు పట్టుట ఆనాటి తెలంగాణపు మనఃస్థితిని సూచించుచున్నది. కమ్యూనిస్టు పార్టీ నిషేధములో నుండగా దానివారు ప్రజాస్వామ్య కూటమి పేర నిలిచి యనేక స్థానములు గెలిచిన ఎన్నిక లవియే.

1956 నవంబరు 1వ తేదిన తెలంగాణము ఆంధ్రరాష్ట్రముతో కలిసి ఆంధ్రప్రదేశమైనది. మఱుసటి యేట, 1957లో, రెండవ సాధారణ ఎన్నికలు జరిగినవి. ఆంధ్రప్రాంతమున శాసనసభకు 1955లోనే ఎన్నికలు జరిగియుండుటచే, 1957లో శాసనసభా ఎన్నికలు తెలంగాణమునకు మాత్రమే జరిగెను. లోకసభకు మాత్రము ఉభయ ప్రాంతములందును జరిగెను. అపుడు వికారాబాదు స్థానమునుండి లక్ష్మీబాయిగారు లోకసభకు ఎన్నికైరి. మెదకు స్థానమున పి. హన్మంతరావుగారు ఎన్నికైరి.

ఆనాటి ఓటుపద్ధతి నేటివారికి తెలియదు గనుక కొంచెము వివరింతుము. 1952, 1957 ఎన్నికలలో ఓటరు కాగితముపై ముద్ర వేయు పని లేదు. తెరచాటున అభ్యర్థి కొక పెట్టె చొప్పున వరుసగా నుంచి, ప్రతి పెట్టెకు ఆ యభ్యర్థి గుర్తు నంటించియుండిరి. ఓటరు లోనికి పోయి తనకిచ్చిన కాగితమును తాను మెచ్చిన గుర్తుగల పెట్టెలో వేసి వచ్చును. చదువు రానివారికి గుర్తే పేరు, గుర్తే ముఖము. కాంగ్రెసువారి గుర్తు కాడికట్టిన ఎద్దుల జత. దుక్కిదున్ను పల్లెలలో ఆ గుర్తునకు కలిగిన బలమెంతటిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. 1962 ఎన్నికలనాటికి అందఱి గుర్తులును ఒకే కాగితమున ముద్రించి, ఓటరుచే ముద్ర వేయించు పద్ధతి వచ్చెను.  ఈ క్రొత్తపద్ధతిలోను వికారాబాదు ప్రజలు లక్ష్మీబాయిగారినే మరల నెన్నుకొనిరి. కావున గెలుపునకు ఎద్దుల గుర్తు ఎంత తోడ్పడినను, అయిదేండ్లు చూచిన పిమ్మట మరల నొసగిన యోటులో వ్యక్తిని గూర్చిన తీర్పును ఉండునని మా నమ్మకము.

లోకసభలో వీరున్న కాలము స్త్రీలకు సంబంధించిన శాసనములకు మిక్కిలి ముఖ్యమైనది. అనాథ శరణాలయముల పర్యవేక్షణ శాసనము 1960లోను, ప్రసూతి సౌకర్యముల శాసనము 1961లోను, వరకట్న నిషేధ శాసనము అదే 1961లోను వచ్చినవి. వరకట్నపు బిల్లు విషయమున ఉభయసభలకు భేదము కలుగగా, ఆ యేడు మే నెలలో లోకసభయు రాజ్యసభయు కలిసి కూర్చుండి తీర్మానించవలసి వచ్చెను. మన రాజ్యాంగము అమలులోనికి వచ్చిన తరువాత అట్టి ఉభయసభా సమావేశము అదే మొదటిది. ఈ శాసనముల ఘనత నంతయు ఒక్కరికి కట్టబెట్టుట మా యుద్దేశము కాదు. కాని, తాను స్వయముగా అనాథ గృహమును, ప్రసూతి గృహమును నడిపిన యొక సభ్యురాలు ఆ సభలో కూర్చుండి ఆ శాసనములకు ఓటు వేయుట ఈ ప్రాంతమువారికి గర్వకారణము గాదా?

స్థానము అంతరించుట

1961 జనగణనము ననుసరించి నియోజకవర్గముల పునర్విభజనము జరిగెను. దేశములో ఇతర రాష్ట్రముల జనాభాతో పోల్చగా ఆంధ్రప్రదేశముయొక్క భాగము కొంత తగ్గుటచే, మన రాష్ట్రపు లోకసభా స్థానములు 43 నుండి 41కి తగ్గినవి. సరిహద్దులు క్రొత్తగా గీయబడెను. సిద్దిపేట మొదలగు క్రొత్తపేర్లు పటమున చేరెను. వికారాబాదు పేరు తొలగెను. ఏ యెన్నికయందును ఓడక, ప్రజలు విడువక, కేవలము గీత మారుటచే ఒక స్థానము పోయినది.

దీని ఫలము వికారాబాదు ప్రాంతమువారికి చాలకాలము అనుభవమునకు వచ్చినది. తాండూరు, వికారాబాదు, చేవెళ్ల పల్లెలు హైదరాబాదు నగరస్థానముతో జతచేయబడి, నగరపు పలుకుబడి నడుమ తమ కందిచేలను, చెఱువులను గూర్చి చెప్పుకొనుటకు ప్రత్యేక ప్రతినిధి లేక యుండెను. 2008 సం॥పు పునర్విభజనముచే చేవెళ్ల పేర వేఱు స్థానము ఏర్పడి, 2009 ఎన్నికలతో ఆ కొఱత తీరెను. అదే పునర్విభజనముతో సిద్దిపేట స్థానము అంతరించెను. జహీరాబాదు స్థానము పుట్టెను. ఒకరి స్థానము వచ్చుట, ఒకరి స్థానము పోవుట, ఈ గీతలు గీయువారికి లెక్కల విషయము. ఆ గీతల లోపల నివసించువారికి జీవిత విషయము.

మెదకు – తుది పర్యాయము

స్థానము పోయినను లక్ష్మీబాయిగారి ప్రజాసేవ ఆగలేదు. 1967 ఫిబ్రవరి ఎన్నికలలో వీరు మెదకు స్థానమునుండి నిలిచి గెలిచి మూడవసారి లోకసభకు పోయిరి. ఆ లోకసభ కాలము నెమ్మది లేనిది. 1969 సం॥ జనవరినుండి ప్రత్యేక తెలంగాణోద్యమము ప్రజ్వరిల్లెను. మన సదాశివపేటలోనే ఆ నెల 24వ తేదిన పోలీసు కాల్పులు జరిగెను. ఢిల్లీలో కాంగ్రెసు పక్షమును, ఊరిలో విద్యార్థుల ఆగ్రహమును, ఈ రెంటినడుమ తెలంగాణపు కాంగ్రెసు సభ్యుల స్థితి దుర్భరమైనది. అదే యేడు కాంగ్రెసే రెండుగ చీలెను. 1970 డిసెంబరు 27న లోకసభ రద్దు కాగా లక్ష్మీబాయిగారి పార్లమెంటు జీవితము ముగిసెను. 1971 ఎన్నికలలో తెలంగాణ ప్రజాసమితి 14 స్థానములలో 10 గెలిచెను. మెదకునందు ఆ సమితి పక్షమున మల్లికార్జున్ గారు ఎన్నికైరి. 1952లో ఎద్దులజత పక్షమును కాదని జయసూర్యగారిని పంపిన మెదకే, 1971లో మరల తన స్వతంత్ర బుద్ధిని కనబఱచెను.

1952 నుండి 1970 వఱకు లక్ష్మీబాయిగారు ఎడతెగక పదునెనిమిదేండ్లు చట్టసభలలో నుండిరి. మూడు వేఱువేఱు నియోజకవర్గములు వీరిని పంపినవి. 1979 సం॥లో వీరు పరమపదించిరి. మఱుసటి యేటి ఆరంభమున, 1980 ఎన్నికలలో, శ్రీమతి ఇందిరాగాంధిగారు ఇదే మెదకునుండి జైపాల్ రెడ్డిగారిపై రెండు లక్షలకు మించిన ఆధిక్యముతో గెలిచి, రాయబరేలీని వదలుకొని మెదకునే నిలుపుకొనిరి. 1984 అక్టోబరు 31న మరణించునాటికి ఆమె మెదకు ప్రతినిధియే. మరల 2009లో శ్రీమతి విజయశాంతిగారు ఇచటినుండి ఎన్నికైరి. ఇందిరాగాంధిగారి పేరు మెదకు చరిత్రమున ప్రతివారును చెప్పుదురు. ఆమెకు పదుమూడేండ్లు ముందే మెదకు ప్రజలు ఒక స్త్రీని, అందును ఘటకేసరున పుట్టిన తెలుగు స్త్రీని, పంపిరని చెప్పువారు అరుదు.

సేవాసదనము

రాజకీయములు వీరి జీవితమున సగభాగము మాత్రమే. రెండవ సగము ఇందిరా సేవాసదనము. హైదరాబాదు నగరపు దక్షిణభాగమున సైదాబాదు చెంత వీరు స్థాపించిన ఈ సదనము అనాథ బాలికలకు ఆశ్రయమైనది. ఇదిగాక రాధికా ప్రసూతిగృహము, వాసు శిశువిహారము, మాశెట్టి హనుమంతుగుప్త ఉన్నతపాఠశాల అను సంస్థల స్థాపనయందును వీరి హస్తము కలదు. పాఠకులు ఈ నాలుగింటిని వరుసగ నుంచి చూతురు గాక. పుట్టుటకు ప్రసూతిగృహము, పసితనమున ఆడుకొనుటకు శిశువిహారము, దిక్కులేనినాడు తలదాచుకొనుటకు సదనము, పెరిగి బ్రతుకు నేర్చుటకు పాఠశాల. ఒక ఆడుబిడ్డ జీవితమున ఏ యేమజిలీయందు ఆదరువు కావలెనో, ఆ ప్రతి మజిలీయందును ఒక యిల్లు కట్టిరి.

నేడు ఆ ప్రాంతమునకు సదనము పేరే స్థిరపడినది. కాని పేరు కుదించుకొని ఐ.ఎస్. సదన్ అయినది. మేము ఒకపరి ఆ కూడలియందు నిలిచి, ఆ రెండక్షరములకు అర్థమేమని పలువురను అడిగితిమి. బస్సెక్కువారును, అంగడివారును ఆ పేరు దినమునకు పదిసార్లు పలుకుచునే యున్నారు. అర్థము చెప్పగలిగినవారు మాకు కనబడలేదు. వికారాబాదు స్థానము పటమునుండి పోయినది. లక్ష్మీబాయిగారు పెట్టిన పేరు పటముపై నిలిచియుండియు అర్థము కోలుపోయినది. రెంటిలో ఏది యెక్కువ విచారకరమో నిర్ణయింపజాలకున్నాము.

మన ప్రాంతము – మన కర్తవ్యము

లక్ష్మీబాయిగారు ఓట్లడిగిన నాటికి పటాన్‌చెరువు పరిసరములు జొన్నచేలు, చెఱువులు, సీతాఫలపు పొదలు. వీరు లోకసభలో నుండగానే 1960 తరువాతి యేండ్లలో రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వారి కర్మాగారము లేచెను. 1972లో పటాన్‌చెరువున మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనాసంస్థ ఇక్రిశాట్ వెలసెను. పిమ్మట పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారము, ఇస్నాపురములయందు మందుల కర్మాగారములు, రసాయనముల కర్మాగారములు బారులు తీరెను. 1984లో ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము వచ్చెను. వీనివలన వేలకొలది కుటుంబములకు కూడు దొరకెను. వీని మురికినీటి వలన నక్కవాగు పొడుగున పొలములు, బావులు చెడెను. లాభనష్టములు రెండును మన యెఱుకలోనివే.

కాని ఒక నష్టము లెక్కలలోనికి ఎక్కుటలేదు. ఒడిషానుండియు, బీహారునుండియు, మన పాలమూరునుండియు కూలికి వచ్చినవారి పిల్లలు ఈ కర్మాగారముల గోడల వెంట పెరుగుచున్నారు. తల్లి పనికి పోయిన పగలు చిన్నదానిని చూచునది పెద్దది. పెద్దది ఆడుపిల్ల యైనచో దాని బడి అంతటితో సరి. ప్రమాదమున తండ్రి పోయిన యింటి పిల్లల గతి చెప్పనేల? స్త్రీలు అధికముగ పనిచేయు కర్మాగారమున శిశుగృహముండవలె నని 1948 సం॥పు ఫ్యాక్టరీల శాసనమే విధించియుండెను. శాసనము గోడపై నుండినంత మాత్రమున శిశువిహారము పుట్టదు. దానిని పుట్టించు మనుష్యులు కావలెను. లక్ష్మీబాయిగారు అట్టి మనుష్యులు.

ఇక మేము ఆరంభమున చెప్పిన పాఠమునకు వచ్చుచున్నాము. మన సంఘము బాలికల వసతిగృహము కట్టదలచుట మిక్కిలి ప్రశంసనీయము. కులసంఘములు కట్టిన వసతిగృహములే ఈ హైదరాబాదు దేశమున విద్యకు పునాదులైనవి. 1918లో స్థాపితమైన రెడ్డి హాస్టలు అందుకు ప్రథమ నిదర్శనము. మన బిడ్డలకు మన యిల్లు కట్టుకొనుటలో తప్పులేదు. అయినను, తలిదండ్రులెవరో తెలియని శిశువు వచ్చి తలుపు తట్టినపుడు దాని కులమేమని యడుగుట యెట్లు? అడిగినను చెప్పువారెవరు? అనాథ శరణాలయమును నడుపువారికి ఈ ప్రశ్న యొకనాడు కాకున్న నొకనాడు ఎదురగును. లక్ష్మీబాయిగారి సదనమువంటి గృహము ఆ ప్రశ్నకు తన తలుపు తెఱచి యుంచుటచేతనే సమాధానము చెప్పును. కావున మన వసతిగృహమున కొన్ని స్థానములైనను, పదింట ఒకటి చొప్పున నైనను, ఈ కర్మాగారముల చెంత దిక్కులేక మిగిలిన బాలికలకు, కులము అడుగకయే, కేటాయింపవలెనని మహాసభవారిని వినయపూర్వకముగ కోరుచున్నాము. ఈ కోరిక కొందఱకు రుచింపదని ఎఱుగుదుము. రుచింపనివారు గుంటూరి శారదానికేతనమువారు ఘటకేసరు పిల్లను పరాయి రాజ్యపుదాన వని త్రిప్పిపంపియున్నచో ఏమయ్యెడిదో ఒక్కింత ఆలోచింతురు గాక.

మఱొక్క మాట. లోకసభయందును శాసనసభలయందును మూడవవంతు స్థానములు స్త్రీలకు ప్రత్యేకించుచు 2023 సం॥లో రాజ్యాంగమునకు 106వ సవరణము చేయబడినది. జనగణనమును, పిమ్మట పునర్విభజనమును జరిగిన తరువాత అది అమలుకావలెనని ఆ సవరణమునందు విధించిరి. 1967లో ఒక పునర్విభజనము ఒక స్త్రీ ప్రతినిధి స్థానమును తుడిచిపెట్టినది; మఱొక పునర్విభజనము అనేక స్త్రీలకు స్థానముల నొసగ గలదు. ఆనాడు ఆ స్థానములయందు నిలుచుటకు తగిన స్త్రీలు మన పల్లెలలో, మన కార్మికుల ఇండ్లలో ఉండవలెనన్న, వారికి నేడు చదువును, చదువుకొనుటకు ఒక యిల్లును కావలెను. ఎవరి పేరో తెలియక అక్షరములు మాత్రమే పలుకు దుఃస్థితి తొలగి, మనము కట్టబోవు గృహమునందైనను శ్రీమతి సంగం లక్ష్మీబాయిగారి పేరు పూర్తిగా, స్పష్టముగా గోడపై వ్రాయబడి, ప్రతి బాలికయు దాని అర్థము చెప్పగలుగు దినము వచ్చుగాక యని సర్వేశ్వరుని ప్రార్థించుచు ఈ వ్యాసమును ముగించుచున్నాము.